ఊరుమ్మడి బయలు, సముద్రపు గాలి: గోల్ఫు ఆట పుట్టినచోటి కథ

గత శీతకాలమున ఒకనాటి ఉదయము మేము మా పాఠశాల బాలబాలికలను నందికొండకు తోడుకొని పోయితిమి. కొండ ఎత్తు 1478 మీటర్లనియు, పెన్న, పాలారు మొదలగు నదులు ఈ కొండల చుట్టుపట్లనే పుట్టినవనియు చెప్పుచు కోటగోడ యొద్ద నిలిచియుండగా మంచు విడిపోయెను. క్రింది పల్లెల నడుమ, కోతకోసిన రాగిచేల కావల, నున్నని పచ్చిక పఱచిన విశాలమైన బయలొకటి కానవచ్చెను. అది గోల్ఫు మైదానము. ఏడవ తరగతి చదువు బాలుడొకడు, “సార్, ఆ పచ్చని బయలు ఎవరిది? మనము లోపలికి పోవచ్చునా?” అని అడిగెను. అందు సభ్యులకును, వారి అతిథులకును మాత్రమే ప్రవేశము కలదని చెప్పితిమి. “అయితే అది మన ఆట కాదు సార్” అని ఆ బాలుడు తేల్చివేసెను. తోడి పిల్లలు నవ్విరి. మాకు మాత్రము ఆ మాట మనసులో ముల్లువలె నిలిచిపోయెను.

బాలుని మాట పూర్తిగా తప్పని అనజాలము. మన దేశమునకు ఈ ఆట వచ్చిన త్రోవ అట్టిది. 1829లో కలకత్తాలోను, 1876లో బెంగుళూరులోను ఆంగ్లేయులు గోల్ఫు క్లబ్బులను స్థాపించిరి. నేల క్లబ్బుది; ఆట సభ్యులది; కఱ్ఱల సంచి మోయుట మాత్రము ఊరి పేదవాని పని. కాబట్టి గోల్ఫు అనగనే ఎత్తైన ప్రహరియు, కాపలావానితో కూడిన గేటును మన కన్నులకు కట్టును. కాని ఆ ఆట పెరిగి పెద్దదైన చోట ప్రహరి లేదు. ఆ ఊరు స్కాట్లండు దేశపు తూర్పు తీరమున ఉత్తర సముద్రము నొడ్డున ఉన్న సెయింట్ ఆండ్రూస్. అచటి మైదానము ఏ ప్రభువుదియు కాదు, ఏ క్లబ్బుదియు కాదు. అది ఊరిది. ఆ ఊరివారు దానిని ఎట్లు ఆడుకొనుచున్నారో, ఎట్లు నిలుపుకొనిరో తల్లిదండ్రులకు తెలియజేయవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆట స్వరూపము

గోల్ఫు ఎఱుగనివారు గోలీలాటను తలచుకొనిన చాలును. నేలలో గుంతలు చేసి, గోలీని ఒక గుంతనుండి మఱియొక గుంతకు కొట్టుకొనుచు పోవుట మనవారికి తెలిసినదే. బిళ్ళంగోడు ఆటలో కఱ్ఱతో బిళ్ళను దూరముగ కొట్టుటయు తెలిసినదే. ఈ రెండిటిని కలిపి, రెండుమూడు మైళ్ళ బయలుపై పఱచినచో గోల్ఫు అగును. బంతి కనీసము 42.67 మిల్లీమీటర్ల వ్యాసము కలిగి, 45.93 గ్రాములకు మించని బరువు కలది. గుంత వ్యాసము 108 మిల్లీమీటర్లు. అట్టి గుంతలు 18. ఒక్కొక్క గుంతకు బంతిని ఎన్ని దెబ్బలలో చేర్చితిమను లెక్కయే ఆట. ఎవరి దెబ్బలు తక్కువయో వారు గెలిచినట్లు. వివిధములగు దెబ్బలకు వివిధములగు కఱ్ఱలు కలవు. 14కు మించి తీసికొని పోరాదు.

ఈ ఆటలో రెండు విశేషములను తల్లిదండ్రులు గమనింపవలెను. మొదటిది: సామాన్యముగ ఆటగాని వెంట తీర్పరి యుండడు. పొరపాటున బంతిని కదల్చినచో తానే చెప్పుకొని తానే శిక్షగా దెబ్బలు కలుపుకొనవలెను. రెండవది: నేర్పు తక్కువవానికి కొన్ని దెబ్బల మినహాయింపు ఇచ్చి నేర్పరితో సమానముగ ఆడించు పద్ధతి కలదు. అందువలన తాతయు మనుమడును ఒక్కచోట నిజమైన పోటీగ ఆడవచ్చును.

ఆ నేల ఎట్టిది

సముద్రపుటొడ్డున ఉండు ఇట్టి మైదానమును ఆ దేశమున లింక్సు అందురు. మిట్ట, గట్టు అను అర్థముగల ప్రాచీన పదమునుండి ఈ మాట పుట్టినది. పూర్వకాలమున సముద్రము వెనుకకు జరిగినపుడు ఇసుక మేటలు మిగిలినవి. గాలి ఆ యిసుకను తిన్నెలుగ, పల్లములుగ మలచినది. పిమ్మట ఇసుకను పట్టి నిలుపు గడ్డి మొలిచినది. సారము తక్కువ నేల, ఉప్పుగాలి. అచట ధాన్యము పండదు. వాన కురిసినను ఇసుక వెంటనే పీల్చుకొనును గనుక బురద యుండదు. సన్నని గట్టి గడ్డి మాత్రము పెరుగును. దున్నుటకు పనికిరాని ఆ నేలను ఊరివారు మేతబీడుగ వాడుకొనిరి. మన భాషలో చెప్పవలెనన్న అది వారి గోమాళము.

గొఱ్ఱెలును, కుందేళ్ళును గడ్డిని కొఱికి పొట్టిచేసినవి. గాలికి ఓర్వలేక గొఱ్ఱెలు తిన్నెల చాటున ఒదిగి పండుకొన్నచోట్ల పచ్చిక అరిగి ఇసుక బయటపడెననియు, నేడు ఆటగాండ్రను భయపెట్టు ఇసుక గుంటలు కొన్ని అట్లు పుట్టినవేననియు చెప్పుదురు. ఈ గుంటలకు బంకరులని పేరు. పాత మైదానమున ఇవి 112 కలవు. పదునాలుగవ గుంతకు పోవు దారిలో ఉన్న పెద్ద బంకరునకు నరకమని పేరు పెట్టిరి. ఆటగాండ్రు దాటు చిన్న రాతివంతెన గొఱ్ఱెల కాపరులు మందలను దాటించుటకు సుమారు 700 ఏండ్ల క్రిందట కట్టుకొన్నదందురు. కాపరి నడచిన దారినే నేడు జగజ్జెట్టీలు నడచుచున్నారు.

ఈ మైదానము ఏ ఒక్కరి చేతనో గీయబడి కట్టబడినది కాదు. ఊరి అంచున బయలుదేరి ఈడెన్ అను నదీముఖము వఱకు పోయి, అచట మలుపు తిరిగి, దాదాపు వచ్చిన దారినే ఊరు చేరవలెను. 1764కు పూర్వము ఒక ఆటకు 22 గుంతలుండగా ఆ యేట వానిని 18కి తగ్గించిరి. ఆ లెక్కయే కాలక్రమమున లోకమంతటికి ప్రమాణమైనది. పోవువారికిని వచ్చువారికిని ఏడు పెద్ద పచ్చికదిన్నెలు ఉమ్మడిగ కలవు. ఒక్కొక్క దిన్నెపై రెండేసి గుంతలుండును. రెండవ గుంతయు పదునాఱవ గుంతయు ఒకచోట, మూడవదియు పదునైదవదియు ఒకచోట. ఇట్లు ఏ జతను కూడినను 18 వచ్చును. పిల్లలచే ఈ ఏడు జతలను వ్రాయించి చూడుడు.

మన తెలుగు తీరమున ఇట్టి నేల లేదాయని కొందఱు అడుగవచ్చును. విశాఖపట్టణమున గోల్ఫు మైదానము కలదు గాని అదియు క్లబ్బుదే. మన తీరపు ఇసుకతిన్నెలు ఎండకు కాలునట్టివి. అందు పెరుగు గడ్డి వేఱు, సరుగుడు తోటలకు అవి నెలవులు. చలిగాలియు, చిరుజల్లులును పెంచు ఆ పొట్టి పచ్చిక ఇచట దానంతట అది పెరుగదు.

గాలితో బేరము

ఈ మైదానమున ఎదిరి మనుష్యుడు కాడు, గాలి. చెట్లు లేవు, చాటు లేదు. ఊరినుండి బయలుదేరునపుడు గాలి వెన్ను తట్టవచ్చును. తిరిగి వచ్చునపుడు అదే గాలి ముఖమున కొట్టును. ఒక్కొక్కప్పుడు సముద్రపు పోటు మారుటతో గాలియు దిక్కు మార్చును; అప్పుడు పోకయు రాకయు రెండును ఎదురుగాలియే. 2015లో అచట జరిగిన ఓపెన్ పోటీలో శనివారమునాడు గాలి తాకిడికి పచ్చికపై నిలిపిన బంతులు తమంత తామే కదలిపోగా, ఆటను గంటలకొలది ఆపివేసిరి. ఆదివారమునాడు ముగియవలసిన పోటీ సోమవారమునాడు ముగిసెను.

ఆషాఢమాసపు గాలి ఎఱిగిన మనవారికి ఇది అర్థము కాని సంగతి కాదు. కళ్ళములో రాగులు తూర్పారబట్టు రైతు చేట నెత్తికి ఎత్తి పట్టును. ఎంత ఎత్తునుండి జాఱవిడిచిన గాలి అంత ఎక్కువగ పొట్టును కొట్టుకొని పోవును. నేలకు దగ్గఱగ గాలి వేగము తక్కువ, పైకి పోయినకొలది ఎక్కువ. రైతునకు గాలి కావలెను గనుక చేట ఎత్తును. గోల్ఫు ఆటగానికి గాలి వలదు గనుక బంతిని ఎత్తనీయడు. బంతిని కాళ్ళ నడుమ కొంచెము వెనుకకు ఉంచుకొని, వాలు తక్కువగల కఱ్ఱతో, నిదానముగ కొట్టును. అది నడుమెత్తున పోయి, గట్టినేలపై పడి, దొరలుచు పోవును.

ఇచట మొదట నేర్చువారు చేయు తప్పు ఒకటి కలదు. ఎదురుగాలి వీచగనే పంతముతో రెట్టింపు బలముతో కొట్టుదురు. ఫలము విపరీతమగును. కఱ్ఱ తాకిడిచే బంతి వెనుకకు తిరుగుచు పోవును. ఆ తిరుగుడే దానిని గాలిలో పైకెత్తునది. ఎంత గట్టిగ కొట్టిన అంత తిరుగుడు. ఎదురుగాలిలో ఆ తిరుగుడు బంతిని ఇంకను పైకెత్తి, అచటనే వ్రేలాడదీసి, క్రింద పడవేయును. ఎడింబరో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన పీటర్ గథ్రీ టేట్ 1890వ దశకమున ఈ తిరుగుడు ప్రభావమును లెక్కలతో నిరూపించెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టేట్ 1896లోను, 1898లోను బ్రిటిషు అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఆటగాడు.

వెన్నుగాలి చేయు మేలుకంటె ఎదురుగాలి చేయు కీడు ఎక్కువ. ఇందుకు లెక్క కలదు. బంతి సెకనుకు 60 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. గాలి 10 మీటర్లనుకొందము. గాలి అడ్డగింపు వేగవర్గము ననుసరించి పెరుగును. గాలి లేనప్పుడు 60 వర్గము 3600. ఎదురుగాలిలో 70 వర్గము 4900. అనగా 1300 హెచ్చు. వెన్నుగాలిలో 50 వర్గము 2500. అనగా 1100 మాత్రమే తగ్గుదల. పోవునపుడు వచ్చిన లాభము వచ్చునపుడు కలుగు నష్టమునకు చాలదు. అందుచే అచటి పెద్దలు వెన్నుగాలిలో మురిసిపోరు. తిరుగుదారికి ఓపికను దాచుకొందురు.

ఓడి నేర్చినవాడు

ఈ గాలి నేర్పు పాఠమునకు బాబీ జోన్స్ అను అమెరికా దేశీయుని కథ చక్కని ఉదాహరణము. 1921లో, తన 19వ యేట, ఆయన ఓపెన్ పోటీకై సెయింట్ ఆండ్రూస్‌కు వచ్చెను. మూడవ చుట్టు ఆట మొదటినుండియు చెడెను. పదునొకండవ గుంత యొద్ద బంతి బంకరులో పడగా, ఎంత కొట్టినను బయటికి రాకుండుటచే, కోపము పట్టలేక ఆటను నడుమనే మానివేసెను. పిమ్మట ఆ చేతకు సిగ్గుపడెను. ఆ నేలను నిందించుట మాని, అధ్యయనము చేసెను. 1927లో అచటనే ఓపెన్ పోటీ గెలిచెను. 1930లో అచటనే అమెచ్యూర్ పోటీ గెలిచి, ఆ యేట నాలుగు మహాపోటీలను గెలిచినవాడయ్యెను. 1958లో, వెన్నెముక వ్యాధిచే నడువలేని స్థితిలో ఆయన మరల రాగా ఆ పట్టణమువారు తమ పౌరసత్వమిచ్చి గౌరవించిరి. కోపముతో విడిచిపోయిన బాలునే తమ వానిగ చేసికొనిరి.

ఊరు నిలుపుకొన్న నేల

ఇక అసలు సంగతికి వత్తము. ఆ బయలు ఊరికి ఊరకయే దక్కినది కాదు.

1457లో స్కాట్లండు రాజు రెండవ జేమ్సు, ప్రజలు విలువిద్య మాని గోల్ఫు, కాలిబంతి ఆడుచున్నారని ఆ ఆటలను నిషేధించెను. ప్రజలు మానలేదు. 1552నాటి శాసనపత్రమొకటి కలదు. అందు ఆర్చిబిషప్పు జాన్ హామిల్టన్ ఆ బయలున కుందేళ్ళను పెంచుకొను హక్కు తనకు ఉంచుకొని, గోల్ఫు మొదలగు ఆటలాడు హక్కు ఊరివారిదని అంగీకరించెను. వాడుకలో ఉన్న హక్కును కాగితముపై ఎక్కించుటవలన ఎంత మేలు కలిగినదో పిమ్మటి చరిత్ర తెలుపును.

1797లో అప్పులలో మునిగిన నగరసభ ఆ భూమిని చేయి జార్చుకొనెను. అది కుందేళ్ళ వ్యాపారుల చేతికి పోయెను. వేలకొలది కుందేళ్ళు నేలను త్రవ్వి గోతులమయము చేసెను. ఊరివారు ఊరకుండలేదు. తమ హక్కు భూమితో అమ్ముడుపోలేదని వాదించిరి, న్యాయస్థానముల కెక్కిరి, బయలులో కలహములును జరిగెను. ఇరువది యేండ్లకు పైగ ఈ వివాదము సాగెను. 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి ఆ నేలను కొని ఆటకు నిలిపెను. కాని ఒక మంచివాని దయపై నిలిచిన హక్కు ఆయన వంశీకుల మనసు మారినచో ఏమగును? అందుచే 1894లో పట్టణము పార్లమెంటు చట్టము ద్వారమున ఆ భూమిని తిరిగి కొనుక్కొనెను. 1974లో మఱియొక చట్టముచే దాని నిర్వహణకు ఒక ట్రస్టు ఏర్పడెను. నేటికిని ఆ ట్రస్టే నడుపుచున్నది.

రాయల్ అండ్ ఏన్షెంట్ అను ప్రసిద్ధమైన క్లబ్బు ఒకటి ఆ మైదానపు ప్రక్కనే కలదు. 1754లో 22 మంది పెద్దమనుష్యులు ఏర్పఱచిన సంఘమది. కాని దాని భవనము దానిదే గాని మైదానము దానిది కాదు. ఆ క్లబ్బు 2014 వఱకు స్త్రీలను సభ్యులుగ చేర్చుకొనలేదు. కాని నేల ఊరిది గనుక స్త్రీలు బయలులో ఆడుటకు ఆ క్లబ్బు అనుమతి కావలసియుండలేదు. వారు 1867లోనే తమ సంఘమును స్థాపించుకొనిరి. వారు ఆడు ఎగుడుదిగుడు పచ్చికకు హిమాలయములని పేరు! నేడు ఎవరైనను స్వల్పమైన రుసుము చెల్లించి అందు పిల్లలతో కూడ ఆడుకొనవచ్చును.

నేతపనివాని కుమారుడైన టామ్ మారిస్ ఈ బయలున పెరిగి 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో ఓపెన్ పోటీ గెలిచెను. 1865నుండి 1903 వఱకు ఈ మైదానపు సంరక్షకుడుగ ఉండి, పచ్చికపై ఇసుక చల్లి పోషించు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. నేల ఊరిదగుటవలన పేదవాని ప్రతిభకు గేటు అడ్డురాలేదు.

అందఱికి తెఱచియుండుట యననేమి

అందఱిదనగా ధర్మమునకు దొరకునని పొరబడరాదు. 1946 వఱకు ఊరివారు రుసుము లేకయే ఆడిరి. నేడు వారు సంవత్సరపు చీటీ కొనుక్కొందురు. పరస్థలములవారు పాత మైదానమున ఒక్క మారు ఆడుటకు 2024లో మంచి కాలమున 320 పౌనులు చెల్లించిరి; అది స్వల్పము కాదు. అయినను డబ్బున్నంత మాత్రమున ముందుకు పోవుటకు వీలులేదు. పెక్కు ఆటలకు చీట్లు తీసి వంతు నిర్ణయింతురు. కోటీశ్వరుని పేరును గుమాస్తా పేరును ఒక్క చీట్లలోనే పడును. మొత్తముమీద ఊరికి ఏడు మైదానములు కలవు. అందు బాల్గోవ్ అను తొమ్మిది గుంతల మైదానము పిల్లలకును, క్రొత్తగ నేర్చువారికిని ఉద్దేశింపబడినది.

అన్నిటికంటె మాకు నచ్చిన ఏర్పాటు ఆదివారపుది. లోకములోని ఆటగాండ్రందఱు కలలుకను ఆ పాత మైదానమున, పెద్ద పోటీల దినములు తప్ప, ఆదివారము ఆట లేదు. ఆనాడది ఊరివారి ఉద్యానవనము. ముసలివారు నడతురు, పిల్లలు పరుగులిడుదురు, కుటుంబములు చద్దిమూటలు విప్పుకొందురు. తక్కిన దినములలోను మొదటి గుంత దారిని పదునెనిమిదవ గుంత దారిని అడ్డముగ కోయుచు సముద్రతీరమునకు పోవు బాట ఒకటి కలదు. బాటసారి వచ్చినచో ఆటగాడు ఆగును. హక్కు వాడుకలో ఉన్నంతకాలమే హక్కు. దారి నడచినంతకాలమే దారి. ఈ రహస్యమును ఆ ఊరు చక్కగ ఎఱుగును.

ఆ ఊరికి మన వీధిబడి ఋణము

పాఠశాల సంచికలో ఈ ముక్క వ్రాయక తప్పదు. ఆ ఊరి మంగలి కుమారుడు ఆండ్రూ బెల్, 1753లో పుట్టి, 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు అధికారి అయ్యెను. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటయు, ముందు నేర్చిన పిల్లవాడు తరువాతివానికి నేర్పుటయు ఆయన చూచి, తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో ఆ పద్ధతిని గుఱించి పుస్తకము ప్రకటించెను. ఊరు తన బయలును పోగొట్టుకొన్నదియు ఆ యేడే. మద్రాసు పద్ధతియను పేర అది పెక్కు దేశములకు వ్యాపించెను. ఆయన ఇచ్చిన ధనముతో సెయింట్ ఆండ్రూస్‌లో 1833లో తెఱచిన పాఠశాల పేరు మద్రాస్ కాలేజి. అది నేటికిని నడచుచున్నది. వారి ఇసుకపై ఆట; మన ఇసుకపై అక్షరము. మంచి పద్ధతికి ప్రహరి లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

మన పిల్లలు, మన బయళ్ళు

గోల్ఫు మన ఆట కాదన్న బాలునికి రెండు పేర్లు చెప్పవలెను. బెంగుళూరున ఇతరుల కఱ్ఱల సంచి మోసిన కేడీగ జీవితమారంభించిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచెను. 1964లో ఆ పోటీ ఆరంభమైనపుడు మొదట గెలిచినవాడు, 1955లో సెయింట్ ఆండ్రూస్‌లో జయించిన పీటర్ థామ్సన్. ఆ వరుసలోనే మన సంచిమోతగాడు చేరెను. బెంగుళూరు బాలిక అదితి అశోక్ ఐదారేండ్ల వయసున కఱ్ఱ పట్టి, 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందెను. పతకము ఒక్క దెబ్బలో తప్పిపోయెను.

అయినను మేము తల్లిదండ్రులను పిల్లలకు గోల్ఫు కఱ్ఱలు కొనిపెట్టుడని కోరుటలేదు. మేము చెప్పదలచినది వేఱు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో గోమాళములు కలవు, గుండుతోపులు కలవు, ఎండకాలమున పిల్లలాడు చెరువు బయళ్ళు కలవు. సేద్యమునకు పనికిరాదని విడిచిన నేలయే ఆ ఊరికి కీర్తి తెచ్చినది. మన ఊళ్ళలో అట్టి నేలను పనికిరాని నేలయని తలచుటవలన అది నానాట తరిగిపోవుచున్నది. కంచె ఒక మూరెడు జరుగును. మఱుసటి యేడు ఇంకొక మూరెడు. పిల్లలు ఆడుట మాని ఇంటికి వత్తురు, ఎవరును అడుగరు. హక్కు పోయినది చట్టమువలన కాదు, వాడుక లేకపోవుటవలన.

చట్టము మన ప్రక్కనే కలదు. 1964నాటి కర్ణాటక భూకందాయ చట్టపు 71వ సెక్షను ప్రకారము ప్రభుత్వ భూమిని ఉచిత మేతకును, ఊరి ఇతర అవసరములకును కేటాయింపవచ్చును. 1966నాటి నిబంధనలలో నూఱు పశువులకు 12 హెక్టారుల చొప్పున మేతభూమి ఉండవలెనని చెప్పబడినది. గ్రామముల ఉమ్మడి భూములపై ఆక్రమణలను తొలగింపవలెనని 2011 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రములకును ఆదేశించినది. 1552నాటి పత్రము ఆ ఊరికి ఎట్టిదో, ఇవి మనకట్టివి. కాని పత్రము పెట్టెలో ఉండిన చాలదు. బయలులో అడుగులు పడవలెను.

కాబట్టి మా విన్నపములు మూడు. మీ ఊరి గోమాళపు సర్వే నంబరును, విస్తీర్ణమును తెలిసికొని పిల్లలచే ఒక పుస్తకమున వ్రాయింపుడు. నెలకొక ఆదివారమైనను పిల్లలను అచటికి తీసికొనిపోయి ఆడనిండు. మేత మేయు పశువులకు ఆటంకము కలుగనీయకుడు, ఏలయన ఆ బయలు మొదట వానిది. గ్రామసభ జరిగినపుడు ఆ బయలును గుఱించి ఒక్క మాటయైనను అడుగుడు.

మా వంతుగ వచ్చు ఆషాఢమున పాఠశాల మైదానమున ఒక చిన్న ఏర్పాటు చేయదలచితిమి. జానెడు వెడల్పున్న తొమ్మిది పాత డబ్బాలను నేలలో పాతి, వంకకఱ్ఱలతోను రబ్బరు బంతులతోను పిల్లలచే ఆడింతుము. గాలి ఎటు వీచినను ఆట ఆపము. లెక్క ఎవరిది వారే వ్రాసికొనవలెను. తల్లిదండ్రులకును, తాతలకును, అవ్వలకును ప్రవేశము కలదు, రుసుము లేదు.

నందికొండపై ఆ బాలుడు అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము సగమే జవాబు చెప్పితిమి. మిగిలిన సగము ఇది: నాయనా, కొన్ని బయళ్ళు ఇతరులవి, అచటికి అనుమతి లేనిదే పోరాదు. కొన్ని బయళ్ళు మనవి, అచటికి పోకుండరాదు.